రామాంజి ఎడమవైపు పోలేదు

"ఒకర్ని తిట్టల్ల. రవ్వంత రాసిస్తావా?"

లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఉన్న కృపాకుమారి తలెత్తింది. ఎదురుగా ఆరడుగుల మనిషి. వెనకనుంచి ఎండ కొడుతుండడంతో ముఖం కనిపించలేదు. కానీ ఆ భుజాలు చూడగానే ఆమె పోల్చుకుంది. ఆ భుజాలను ఆమె పదకొండు మ్యాచుల నుంచీ చూస్తోంది.

"నన్నా అడుగుతాండేది?"

"నువ్వు కృపాకుమారి కదా? సెకండియర్ తెలుగు? బాగా రాస్తావంట. మా హర్ష చెప్పినాడు. పోయినేడు నువ్వు రాసిన నాటకం చూసి ప్రిన్సిపాల్ సార్ కూడా నవ్వినాడంట కదా."

"ఎవర్ని తిట్టల్ల అన్నా?"

అతను ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ. పేరు 'మెట్ల మీద నుంచి'.

"ఈ నాయాల్ని."

కృపాకుమారి కళ్ళు మూసుకుంది. ఆ నాయాలు తనే.

పది రోజుల కింద, ఇదే కాలేజీ మైదానంలో కబడ్డీ ఫైనల్ జరిగింది. ఇంకా ముప్పై సెకన్లే ఉన్నాయి. వీళ్ళ కాలేజీ ఒక్క పాయింటు వెనక. ఆఖరి రెయిడ్‌కు రామాంజి వెళ్ళాడు. మెట్ల నిండా జనం. ఒక్కణ్ణి తాకి వచ్చినా చాలు, స్కోరు సమానమవుతుంది. అతను లోపలికి వెళ్ళి ఎడమకు చూశాడు, కుడికి చూశాడు, రెండడుగులు వేశాడు, ఎవరినీ తాకకుండా వెనక్కి వచ్చేశాడు. విజిల్ మోగింది.

ఆ సాయంత్రం కృపాకుమారి కోపం పట్టలేక రాసింది: 'రామాంజి ఆడికి పాయింటు తేను పోలేదు. ఏడుగుర్నీ పలకరించి రాను పోయినాడు. ఏమప్పా, బాగుండారా?'

తెల్లారేసరికి ఆ మాట కాలేజీ అంతా అంటుకుంది. క్యాంటీన్‌లో అతను టీ అడిగితే "బాగుండారా?" అటెండెన్స్‌లో అతని పేరు పిలిస్తే వెనక బెంచీల నుంచి "బాగుండారా?" ఎవరో రీల్ చేశారు. ఎవరో స్కోరు బోర్డు మీద సుద్దముక్కతో రాశారు. మొదటి రోజు మూడు వేల లైకులు చూసి కృపాకుమారి పొంగిపోయింది. రెండో రోజు ఎందుకో అన్నం సయించలేదు. మూడో రోజు ఆ పోస్టు తీసేద్దామనుకుంది. కానీ అప్పటికే అది అందరి ఫోన్లలోకీ పాకిపోయింది.

ఇప్పుడు ఆ మనిషే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"రాస్తావా లేదా?" అన్నాడు.

"రాస్తా అన్నా," అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

* * *

కృపాకుమారి బుక్కరాయసముద్రంలో వాళ్ళ పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటోంది. రామాంజి, అతని స్నేహితుడు హర్ష అక్కడే ఒక గది తీసుకుని ఉన్నారు. రోజూ సాయంత్రం రామాంజి చెరువు కట్ట మీద పరుగెత్తుతాడు. పరుగు అయ్యాక కట్ట చివర బండ మీద కూర్చుని ఇద్దరూ తిట్లు తయారు చేయడం మొదలుపెట్టారు.

చెరువులో సగం దాకా నీళ్ళున్నాయి. పొద్దు గూకే వేళకు ఆ నీళ్ళు మొదట రాగి రంగులోకి, తరవాత దానిమ్మ రంగులోకి మారుతాయి. అవతల గుట్టల మీద గాలిమరలు తీరిగ్గా తిరుగుతుంటాయి. ఈ నేల మీద వాన లేకపోయినా గాలి మాత్రం ఎప్పుడూ ఉంటుంది. అది ఆమె చున్నీని మాటిమాటికీ అతని వైపు తోస్తుంటే, ఆమె మాటిమాటికీ వెనక్కి లాక్కుంటోంది.

"మొదట 'ఏమిరా పందీ' అని పెడదామా?" అన్నాడు రామాంజి.

"వద్దు. పంది అంటే వాళ్ళకు ఇంకా ఉషారు వస్తాది. మొదట గౌరవంగా రాయల్ల."

"గౌరవంగా తిట్టేదెట్ల?"

"'అయ్యా, మెట్ల మీద కూర్చున్నవారికి' అని."

"అయ్యా అంటే మొగోడనుకుంటారు కదా," అని ఒక్క క్షణం ఆలోచించి, తనే తల ఊపాడు. "మొగోడే లే. ఆడపిల్లలకు ఇంత కసి ఉండదు."

కృపాకుమారికి దగ్గు వచ్చింది. అతను నీళ్ళ సీసా అందించాడు. నీళ్ళు తాగుతూ ఆమె అతని ముఖం కేసి చూసింది. మెట్ల మీద నుంచి చూసినప్పుడు ఎప్పుడూ కనిపించని చిన్న మచ్చ ఒకటి అతని గడ్డం కింద ఉంది.

రెండో రోజు సగం ఉత్తరం రాశారు. మూడో రోజు అందులో సగం కొట్టేశారు. మధ్యలో అతను వాళ్ళ ఊరి సంగతులు చెప్పాడు. వాళ్ళది రాయదుర్గం. నాయన లేడు. అమ్మ తిప్పమ్మ జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో పనిచేస్తుంది. చిన్నప్పుడు అమ్మ పక్కన గుడ్డ పేలికల కుప్ప మీద పడుకుని నిద్రపోయేవాడట. లేచేసరికి ఒళ్ళంతా నీలిరంగు అంటుకుని ఉండేదట.

"అయితే నువ్వు నీలిరంగు బిడ్డవన్నమాట."

"కృష్ణున్ని అని మా యమ్మ మురిసిపోతాండె."

కృపాకుమారి నవ్వింది. తన నాయన బాలప్ప గురించి చెప్పింది. గుంతకల్లు లోకో షెడ్డులో ఫిట్టరు. సెలవు దొరికితే కూతుర్ని రైల్వే గ్రౌండుకు తీసుకుపోయి మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకునేవాడు. 'బంతిని అందరూ చూస్తారు పాపా, నువ్వు ఆడేవాని కాళ్ళు చూడు' అనేవాడు. ఇంత చెప్పిందిగానీ, ఆ చూడ్డమే తరవాత ఒక పేజీ అయిందని మాత్రం చెప్పలేకపోయింది.

నాలుగో రోజు రామాంజి పరుగు ఆపి బండ మీద కూర్చున్నాక ఆమె చాచిన కాగితం అందుకోలేదు.

"ఏమైంది?" అంది. ఆ రోజు 'అన్నా' అనలేదు. ఆ సంగతి ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టే ఊరుకున్నారు.

"ఆ పోస్టు కింద ఇంకో మాట ఉండాది. ఎవురూ చదవలేదు. అందరూ పైది చదివి నవ్వుకోని పోయినారు." అతను ఫోన్ తీసి చదివాడు. "'రెండో సగంలో నాలుగు సార్లు ఎడమవైపు మూల ఖాళీగా ఉండె. నాలుగు సార్లూ రామాంజి చూసినాడు. పోలేదు.'"

కృపాకుమారి చెరువు వైపు చూస్తూ కూర్చుంది.

"నవ్వినందుకు నాకు కోపం వచ్చింది నిజమే. కానీ ఈ మాట నిజం కృపా. మా కోచ్‌కు కూడా తెలీదు ఇది. ఎవురో నన్ను అంత బాగా చూసినారు. మొదట ఆ మనిషిని పట్టుకోని కొట్టల్ల అనుకుంటి. కొట్టినాక పక్కన కూర్చోబెట్టుకోని, ఇంకా ఏమేం చూసినావప్పా అని అడగల్ల అనిపిస్తాంది."

గాలి చున్నీని మళ్ళీ అతని వైపు తోసింది. ఈసారి ఆమె లాక్కోలేదు.

* * *

చెప్పేయాలని ఆ రాత్రే నిర్ణయించుకుంది. మరుసటి సాయంత్రం కట్ట మీదికి వెళుతూ దారంతా మాటలు కూడబలుక్కుంది. కానీ ఆమె నోరు విప్పేలోపలే అతను ఉత్తరం గురించి అడిగాడు. ఆమె కంగారులో ఏదో ఒకటి అనాలని అనేసింది.

"ఎడమవైపు సంగతి దాంట్లో రాయొద్దులే. గుత్తిలో కూడా నువ్వు అట్లే చేసినావు కదా, మళ్ళా అది ఎత్తుతారు."

రామాంజి మెల్లగా తల తిప్పాడు.

"గుత్తి మ్యాచ్‌కు నువ్వు వచ్చినావా?"

ఆమె ఒళ్ళో ఉన్న ఉత్తరాన్ని మడవసాగింది.

"గుత్తిలో జనమే లేరు. ఇరవై మంది కూడా లేరు. మన కాలేజీ వాళ్ళు ఎవురూ రాలేదు. ఆ పేజీలో మాత్రం పోస్టు పడింది, దాంట్లో కూడా ఎడమవైపు మాట లేదు." అతని గొంతు పెరగలేదు. అదే ఆమెను భయపెట్టింది. "యాల వచ్చినావు గుత్తికి, ఏం పనికి?"

"గుంతకల్లుకు పోతా దావలో దిగితి."

"నీ ఫోన్ ఇయ్యి."

ఇచ్చింది. అతను దాన్ని తెరవలేదు. ఒక్క నిమిషం అరచేతిలో పట్టుకుని ఉండి, తిరిగి ఆమె చేతిలో పెట్టేశాడు. అలా పెట్టడం చూస్తే ఆమెకు ఏడుపొచ్చింది.

"నాలుగు దినాలు నాతోనే నిన్ను తిట్టిచ్చుకున్నావు కదా."

"చెప్పల్లనే వచ్చినా రామాంజీ. ఈ పొద్దు..."

అతను లేచి నిలబడ్డాడు. ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఏమమ్మా," అన్నాడు. "బాగుండారా?"

కట్ట దిగి వెళ్ళిపోయాడు.

తన మాట తనకే తగిలితే ఎలా ఉంటుందో కృపాకుమారికి ఆ సాయంత్రం తెలిసింది. రోజుకు నూరుసార్లు అందరూ మంచికి అనే మాట అది. ఆ మాటను ఒక మనిషికి ముల్లు చేసి పెట్టింది తను.

* * *

మూడు రోజులైనా రామాంజి ప్రాక్టీసుకు రాలేదు. నాలుగో రోజు హర్ష క్యాంటీన్‌లో ఆమె ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"వాడు రాయదుర్గం పోయినాడు. జీన్స్ ప్యాంట్లకు గుండీలు బిగిస్తా కూర్చున్నాడంట. వచ్చే సోమవారం యూనివర్సిటీ టీమ్ సెలక్షన్. రాకపోతే పేరు కొట్టేస్తామంటాండాడు ఆటల పీడీ సార్. నేను చెప్తే వినడు."

ఆ మధ్యాహ్నం కృపాకుమారి పేజీలో తన ఫోటో పెట్టింది. కింద తన పేరు రాసింది. 'ఇన్నాళ్ళూ మెట్ల మీద మొగం దాచుకోని రాసింది నేనే. ఆట గురించి నేను రాసినవి నేను చూసినవే. కానీ ఒక మనిషిని నవ్వులపాలు చేసింది ఆట చూడటం కాదు. రామాంజీ, తప్పయింది.'

సాయంత్రానికి ఆరు వందల కామెంట్లు. ఇన్నాళ్ళూ ఆమె రాతలకు చప్పట్లు కొట్టినవాళ్ళే 'ఆడపిల్లకు కబడ్డీ ఏం తెలుసు' అన్నారు. 'లవ్ ఫెయిల్యూరా?' అన్నారు. ఫోటోలో ఆమె పళ్ళ మీద జోకులేశారు. అన్నీ చదివింది. ఒక్కటీ తీసేయలేదు. తరవాత నాయన ఫోన్ చేశాడు.

"పాపా, నువ్వేనా అది రాసినది?"

"ఔ నాయనా."

అటువైపు వెనకాల ఇంజను కూత వినిపించింది.

"ఊరందరి ముందర తిట్టినావు. ఊరందరి ముందర తప్పయిందన్నావు. బాగుండాది. ఆ పిల్లోనికి చెప్పినావా?"

"ఫోన్ ఎత్తడు నాయనా."

"ఫోన్ యాల? బస్సులు లేవా?"

* * *

రాయదుర్గం బస్సు కిటికీ పక్కన కూర్చుంటే దారంతా వేరుశనగ చేలు. ఒక్కో చేను ఒక్కో వాన కోసం ఆగినట్టు ఉంది. కృపాకుమారి చెప్పాల్సిన మాటలు మళ్ళీ కూడబలుక్కుంది. ఈసారి ముందుగా అసలు మాట చెప్పేయాలి. గుత్తి సంగతి తరవాత.

యూనిట్‌లో ముప్పై మిషన్లు ఒక్కసారిగా రొద పెడుతున్నాయి. మూలన ఒక స్టూలు మీద రామాంజి కూర్చుని ఉన్నాడు. గోళ్ళ దాకా నీలం. ఆమెను చూసి అతని చేయి ఆగిపోయింది.

అతనికంటే ముందు పక్క మిషన్ దగ్గర కూర్చున్న సన్నటి మనిషి లేచి వచ్చింది.

"నువ్వేనా మా వాణ్ణి తిట్టిన అమ్మివి?"

"నేనేనమ్మా."

తిప్పమ్మ ఆమెను కిందనుంచి పైదాకా చూసింది. "ఎంత ఉండావు! పుల్ల మాదిరి ఉండావు. నీ మాటకు భయపడి వచ్చినాడా వీడు? అన్నం తినడు, మాట్లాడడు. దానికీ ఒక నాలుగు తిట్టి పో." అని తన ముక్కాలి పీట ఆమె వైపు జరిపి, మిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రొదలో గట్టిగా మాట్లాడితేగాని వినపడదు. అందుకని కృపాకుమారి దగ్గరగా జరిగింది.

"నువ్వు ఎడమవైపు పోలేదని రాసినందుకు రాలేదు నేను. అది నేను చూసినా, రాసినా. నిన్ను జూసి అందరూ నవ్వేటట్ల చేసినా కదా, దానికి వచ్చినా. తప్పయింది రామాంజీ."

అతను చేతిలో గుండీని అటూ ఇటూ తిప్పాడు.

"భయమే," అన్నాడు చివరికి. "రెండేళ్ళ కింద ఇంటర్‌లో ఆడేటప్పుడు ఎడమవైపు మూలలో ఒకడు నా మోకాలు పట్టి తిప్పేసినాడు. ఆరు నెలలు మంచం మీద ఉంటి. డాక్టరు నయమైందన్నాడు. కాలు నయమైంది. ఎడమవైపు పోవల్లంటే మాత్రం... ఒళ్ళు పోదు. ఎవరికీ చెప్పలేదు. అందరూ నన్ను పెద్ద రెయిడర్ అంటాంటే చెప్పేదెట్ల?"

"నాకు చెప్పినావు కదా."

"నీకు చెప్పకముందే తెలుసు కదా."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకు తిప్పమ్మ మిషన్ ఆపి, తల తిప్పకుండానే మళ్ళీ నడిపింది.

"నువ్వు ఎడమవైపు కాలు వేసేముందు ఊపిరి బిగబడతావు," అంది కృపాకుమారి. "అవతలోళ్ళకు అప్పుడే తెలిసిపోతాది. ఊపిరి వదిలి పోయి చూడు. దొరికితే దొరుకుతావు. ఏమైతాది?"

"జనం నవ్వుతారు."

"నవ్వనీ. నన్ను జూసి ఆరు వందల మంది నవ్వినారు. పొద్దున లేస్తే బాగానే ఉంటి."

అతను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఆమెను చూశాడు. ఆమె పోస్టు అతను చదివాడని ఆ చూపులోనే తెలిసింది.

"వస్తా," అన్నాడు. "మా యమ్మ చేతి అన్నం తిని పోదాం. నువ్వు తిట్టకుండా తిననిస్తే."

* * *

సోమవారం ఉదయం నుంచీ ఆకాశం బూడిదరంగులో బరువుగా వేలాడుతోంది. సెలక్షన్ మ్యాచ్ చూడడానికి మెట్లన్నీ నిండిపోయాయి. ఆట కన్నా ఆ ఇద్దరినీ చూడడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. గుంతకల్లు నుంచి బాలప్ప కూడా వచ్చాడు. షెడ్డు యూనిఫాం మీదే వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. ఆటకు ముందు హర్ష రామాంజిని తీసుకొచ్చి పరిచయం చేస్తే, "బాగా ఆడు నాయనా," అన్నాడు. "సరే సార్," అని రామాంజి చేతులు కట్టుకున్నాడు.

మొదటి రెయిడ్‌కు అతను గీత దాటగానే మెట్ల మీద నుంచి పాత కూత మొదలైంది. "బాగుండారా?" వందమంది ఒకేసారి. కృపాకుమారి వేళ్ళు నాయన మోచేతిని గట్టిగా పట్టుకున్నాయి.

రామాంజి ఎడమవైపు చూశాడు. వెళ్ళాడు.

దొరికిపోయాడు. ముగ్గురు మీదపడి మోకాలు నేలకు అదిమేశారు. మెట్లు ఘొల్లుమన్నాయి. దుమ్ములోంచి అతను లేచి, మోకాలు ఒకసారి వంచి చూసుకున్నాడు. మళ్ళీ వంచాడు. ఏదో వింత చూసినవాడిలా నవ్వాడు. ఆ మైదానంలో ఆ నవ్వు ఎందుకో తెలిసింది ఒక్కరికే. ఆమె కళ్ళు తుడుచుకుంది.

రెండోసారి మళ్ళీ ఎడమవైపే. మళ్ళీ దొరికాడు. సెలక్టర్లలో ఒకాయన కాగితం మీద ఏదో గీశాడు. కూతలు పెరిగాయి.

మూడోసారి ఊపిరి వదులుతూ వెళ్ళాడు. మూలన ఉన్నవాడు చెయ్యి చాచేలోపల వాడి భుజం తాకి, రెండోవాడి పట్టులోంచి జారి, గీత మీద చెయ్యి పెట్టాడు. ఆ తరవాత మెట్ల మీద ఎవరేం అరుస్తున్నారో అతనికి పట్టలేదు. ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు. సగం అయ్యేసరికి ఆ కూత పలచబడింది. చివరికి దాన్ని ఒక్కడే పట్టుకుని అరుస్తుంటే, పక్కవాళ్ళే "కూర్చో లేప్పా" అన్నారు.

పన్నెండు పేర్లు చదివారు. రామాంజి పేరు పదకొండోది.

అప్పుడు వాన మొదలైంది. ముందు నాలుగు పెద్ద చుక్కలు దుమ్ములో పడి గుంటలు చేశాయి. తరవాత ఒక్కసారిగా కురిసింది. నెలల తరవాత తడిసిన మట్టి వాసన మైదానం నిండా లేచింది. జనం అరుచుకుంటూ వరండాల్లోకి పరుగెత్తారు. బాలప్ప కూడా ఆటల గది వసారాలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. మెట్ల మీద కృపాకుమారి ఒక్కతే మిగిలింది.

రామాంజి మెట్లు ఎక్కి వచ్చాడు. ఒళ్ళంతా ఎర్రమట్టి, వానకు చారలు చారలుగా కారుతోంది.

"ఈ పొద్దు ఏం రాస్తావు?" అన్నాడు.

"ఏం రాయను."

"యాల? అంత చెడ్డగా ఆడితినా?"

"ఆట చూస్తే కదా రాసేకి." ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. "నీ మొగమే చూస్తా ఉంటి."

వాన హోరులో ఆ మాట అతనికి వినిపించిందో లేదో అని ఆమె మళ్ళీ అతనికేసి చూసింది. వినిపించింది. రెండుసార్లు దొరికిపోయినా తొణకని మనిషి, ఇప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"కృపా, నేను... పదకొండు మ్యాచులు నువ్వు చూస్తావుండావని నాకు తెలీదు. తెలిసింటే..."

"తెలిసింటే?"

"పైకి చూస్తా ఆడి, పదకొండూ ఓడిపోతాంటి."

ఆమె పగలబడి నవ్వింది. అతను తడిసిన చెయ్యి చాచాడు. గోళ్ళ అంచున ఇంకా నీలిరంగు పోలేదు. ఆమె ఆ చేతిలో చెయ్యి పెట్టింది. ఇద్దరూ అలా వానలో నిలబడిపోయారు. ఎంతసేపో ఇద్దరికీ తెలియదు.

"ఏమప్పా!" వసారాలోంచి బాలప్ప కేక. "దాన్ని ఈడికి పిలుచుకోని రా. తడిస్తే దానికి జలుబు చేస్తాది. నువ్వూ రా, టీ చెప్పినా."

చెయ్యి వదిలి, వదలనట్టుగా నడిచి, ఇద్దరూ వసారా చేరారు. బాలప్ప రామాంజిని తీరిగ్గా చూశాడు. ముందు కాళ్ళు, తరవాత ముఖం.

"చూడప్పా, మా పాప నోరు మంచిది కాదు. ఉండేది ఉన్నట్ల మొగం మీదే అంటాది. తట్టుకుంటావా?"

"అనేముందు శానా బాగా చూస్తాది కదా మామా," అన్నాడు రామాంజి.

అన్నాక తనేమన్నాడో అతనికి తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి. కృపాకుమారి వాన వైపు తిరిగి పెదవి కొరుక్కుంది.

"పొద్దున సార్ అంటివి," అన్నాడు బాలప్ప. "రెండు గంటల్లో మామ అయిపోతినా?"

వసారా చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. బాలప్ప ఒక గుక్క టీ తాగి, బెంచీ మీద పక్కకు జరిగి ఇద్దరికీ చోటిచ్చాడు.

"సరే, కూర్చోండి. ఇంతకీ మీ యమ్మ ఆదివారం ఇంటి కాడ ఉంటాదా?"